మా జబ్బుల మీద చేసిన పరిశోధనకు మాకూ లెక్క చెప్పండి

మానసిక వైద్య పరిశోధకులకు, క్లినికల్ ట్రయల్స్‌కు అనుమతులిచ్చే ఎథిక్స్ కమిటీల సభ్యులకు,

నమస్కారం.

నాకు బైపోలార్ డిజార్డర్ ఉంది, టైప్ 2. మూడ్ కొన్నాళ్ళు కుంగిపోయి, కొన్నాళ్ళు పైకి లేచే జబ్బు. అది తేలడానికి చాలాకాలం పట్టింది. మొదట అందరూ డిప్రెషన్ అనే అనుకున్నారు, నేనూ అదే అనుకున్నాను. ఇంకా ఏ మందూ మొదలుపెట్టని ఆ రోజుల్లో ఒక యాంటీడిప్రెసెంట్ ట్రయల్‌లో చేరాను. కొందరికి అసలు మందు, కొందరికి అచ్చం దానిలాగే ఉండే ఉత్తుత్తి మాత్ర. ఎవరికి ఏది అందిందో మాకూ తెలీదు, మమ్మల్ని చూసే డాక్టర్లకూ తెలీదు. ట్రయల్ అలాగే జరగాలి, అందులో తప్పుపట్టడానికేమీ లేదు. ట్రయల్ పూర్తయింది, థాంక్స్ చెప్పి పంపించారు. ఆ తర్వాత కొద్దిరోజులకే నాకు మొట్టమొదటి హైపోమేనియా, అంటే మూడ్ అసహజంగా పైకి లేచే దశ, వచ్చింది.

ఇప్పుడు ఏ కొత్త సైకియాట్రిస్టు దగ్గరికి వెళ్ళినా ఒక ప్రశ్న తప్పదు: "యాంటీడిప్రెసెంట్ వాడాక ఎప్పుడైనా మూడ్ ఒక్కసారిగా పైకి లేచిందా?" బైపోలార్ ఉన్నవాళ్ళను మాటవరసకు అడిగే ప్రశ్న కాదిది. మళ్ళీ కుంగుబాటు ముంచుకొచ్చినప్పుడు ఏ మందు ఇవ్వచ్చో, ఏది ఇస్తే కొంప మునుగుతుందో దీని జవాబును బట్టే చూస్తారు. నా దగ్గర ఆ జవాబు లేదు. నేను మింగింది మందైతే ఆ హైపోమేనియాకు ఒక అర్థం, ఉత్తుత్తి మాత్రైతే ఇంకో అర్థం. ట్రయల్ నిర్వహించిన చోటికి రాసి అడిగితే, వివరాలు స్పాన్సరు దగ్గర, అంటే ట్రయల్ చేయించినవాళ్ళ దగ్గర, ఉంటాయన్నారు. స్పాన్సరు నుంచి ఉలుకూ లేదు, పలుకూ లేదు. నా రక్తం రిపోర్టులు, నా స్కోర్లు, నా నిద్రలేమి లెక్కలు అన్నీ ఎక్కడో ఒక ఫైల్లో ఉన్నాయి. వాటికి హక్కుదారులు చాలామందే ఉన్నట్టున్నారు, నేను తప్ప.

నా ఒక్క కేసు గురించే అయితే ఇది బహిరంగ లేఖ అయ్యేది కాదు.

ముందే ఒక మాట. సైకియాట్రీ మీద దుమ్మెత్తిపోయాలనుకునేవాళ్ళకు ఈ లేఖ పనికిరాదు. నేను రోజూ రాత్రి లిథియం వేసుకుంటాను. రక్తంలో దాని స్థాయి ఎంతుందో, కిడ్నీలూ థైరాయిడూ ఎలా ఉన్నాయో క్రమం తప్పకుండా పరీక్ష చేయించుకుంటాను. 1949లో ఆస్ట్రేలియాలో జాన్ కేడ్ అనే వైద్యుడు పదిమంది మేనియా (హైపోమేనియాకంటే ముదిరిన దశ) రోగులకు లిథియం ఇచ్చి ఫలితాలు ప్రచురించాడు. ఆయన మొట్టమొదట మందు ఇచ్చిన మనిషి ఏళ్ళ తరబడి పీడించిన మేనియా నుంచి తేరుకుని ఇంటికి వెళ్ళాడు. 1950లో ఆ లిథియమే విషమై చనిపోయాడు. ఎంత వరకు మందు, ఎంత దాటితే విషం అన్న గీతను వైద్యులు అలాంటివాళ్ళ శరీరాల మీదే నేర్చుకున్నారు. ఈ రోజు నా ల్యాబ్ రిపోర్టులో అచ్చయ్యే సురక్షిత పరిధి వాళ్ళు పెట్టిన భిక్ష. పరిశోధన విలువ తెలిసే ఈ మాటలు రాస్తున్నాను.

2008లో ఎరిక్ టర్నర్ అనే పరిశోధకుడి బృందం, మందులకు అనుమతులిచ్చే అమెరికా ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ దగ్గర నమోదైన 74 యాంటీడిప్రెసెంట్ ట్రయల్స్‌ను తీసుకుని, వాటిలో జర్నళ్ళకెక్కినవి ఎన్ని, ఎక్కినవి ఎఫ్‌డీఏ ఫైళ్ళలో ఉన్నదే చెప్పాయా అని పోల్చి చూసింది. 12 మందులు, 12,564 మంది రోగులు. ఎఫ్‌డీఏ లెక్కలో 38 ట్రయల్స్‌లో మందు నెగ్గింది. వాటిలో 37 అచ్చయ్యాయి. మిగతా 36లో మందు నెగ్గలేదు, లేదా నెగ్గిందని గట్టిగా అనలేని పరిస్థితి. వాటిలో ఉన్నదున్నట్టు అచ్చయినవి మూడంటే మూడే. 22 అసలు వెలుగే చూడలేదు. 11 అచ్చయ్యాయి గానీ, మందు పనిచేసిందన్న అర్థం వచ్చేలా అచ్చయ్యాయి. జర్నళ్ళు మాత్రమే చదివే డాక్టరుకు 94 శాతం ట్రయల్స్ నెగ్గినట్టు కనబడుతుంది. ఎఫ్‌డీఏ లెక్కలో నెగ్గినవి 51 శాతం.

ఈ అంకెలు మీకు కంఠతా వచ్చే ఉంటాయి, ఎన్నో సదస్సుల్లో స్లయిడ్ల మీద చూసుంటారు. మాత్ర మింగినవాళ్ళ వైపు నుంచి ఒకసారి చూడండి. అచ్చుకు నోచుకోని ట్రయల్స్‌లో 3,449 మంది పాల్గొన్నారు. డిప్రెషన్ ముదిరిన మనిషికి స్నానం చేసి గడప దాటడమే గగనం. అలాంటివాళ్ళు పిలిచినప్పుడల్లా క్లినిక్‌కు వచ్చారు, సూదులు పొడిపించుకున్నారు, చచ్చిపోవాలనిపిస్తోందా అని అడిగితే ముక్కూమొహం తెలియని మనిషికి నిజం చెప్పారు. తమకు మేలు జరగకపోయినా తర్వాతివాళ్ళకు పనికొస్తుందన్న మాట నమ్మి సంతకం పెట్టారు. పనికి రాలేదు, ఎందుకంటే ఆ ఫలితం ఏమిటో తర్వాతివాళ్ళకు తెలియనే లేదు. వాళ్ళు తమ వంతు చేశారు. అవతలి పక్షం చేయలేదు. టర్నర్ బృందమే 2022లో కొత్త మందులతో మళ్ళీ లెక్క చూసి, పరిస్థితి ముందుకంటే మెరుగైందనీ, అయినా దాపరికం పూర్తిగా పోలేదనీ చెప్పింది. మెరుగైంది కాబట్టే అడగాలనిపిస్తోంది. ఇది మారని విషయం కాదని తేలింది కదా.

పిల్లల విషయంలో దీని ఖరీదు ఇంకా ఎక్కువ. పారోక్సెటీన్ అనే యాంటీడిప్రెసెంట్ మీద జరిగిన స్టడీ 329లో కౌమార వయసున్న 275 మంది పాల్గొన్నారు. 2001లో వచ్చిన వ్యాసం ఆ మందు పిల్లలకు బాగా పనిచేస్తుందనీ, పెద్దగా ఇబ్బంది పెట్టదనీ చెప్పింది. అదే ట్రయల్ సమాచారాన్ని స్వతంత్ర పరిశోధకులు మొదటినుంచీ తిరగదోడి 2015లో బీఎంజే అనే బ్రిటిష్ వైద్య జర్నల్‌లో ప్రచురించారు. మందు ఉత్తుత్తి మాత్రకంటే మెరుగ్గా పనిచేయలేదు. పైగా ఆత్మహత్య ఆలోచనలు, ప్రయత్నాలు మందు తీసుకున్న పిల్లల్లో ఎక్కువ. ఈ లోపు 2004లోనే ఎఫ్‌డీఏ యాంటీడిప్రెసెంట్ల మీద పిల్లల గురించి నల్ల గడి కట్టి అచ్చువేసే అతి తీవ్రమైన హెచ్చరిక (బ్లాక్ బాక్స్ వార్నింగ్) పెట్టాల్సి వచ్చింది. ట్రయల్‌లో చేరిన పిల్లలు 2015 నాటికి ముప్ఫైల్లోకి వచ్చుంటారు. తమ మీద జరిగిన పరిశోధన నిజంగా ఏం చెప్పిందో తెలుసుకోవాలంటే జర్నలే దిక్కు, అదీ తమది ఫలానా స్టడీ అని గుర్తుపట్టగలిగితే.

స్టార్‌డీ సంగతి మరోలాంటిది. డిప్రెషన్ మీద జరిగిన పెద్ద పరిశోధనల్లో అది ఒకటి, 4,041 మంది చేరారు. ఒక మందు పనిచేయకపోతే ఇంకోటి, అదీ కాకపోతే మరోటి, ఇలా నాలుగు మెట్లు. నాలుగూ ఎక్కేసరికి సుమారు 67 శాతం మంది పూర్తిగా తేరుకుంటారని 2006లో ప్రకటించారు. ఎందరో డాక్టర్లు "ఇది కాకపోతే ఇంకోటి చూద్దాం, మూడింట రెండొంతులమంది బాగవుతారు" అని రోగులకు ధైర్యం చెప్పింది ఆ అంకె చూసే. 2023లో వేరే బృందం అదే సమాచారాన్ని అసలు ప్రణాళికలో రాసుకున్న కొలమానంతో, అందులోని నిబంధనల ప్రకారమే మళ్ళీ లెక్కగడితే 35 శాతం వచ్చింది. మొదటి పరిశోధకులు దీన్ని ఒప్పుకోలేదు. వాళ్ళ వాదన వాళ్ళకుంది, దాన్ని తేల్చే చదువు నాకు లేదు. ఆ వాదన బయట జరగడం మాత్రం నాకు నచ్చింది. రోగుల వివరాల స్థాయిలో సమాచారం ఇతరుల చేతికి అందింది కాబట్టే అది సాధ్యమైంది, కాకపోతే పదిహేడేళ్ళు ఆలస్యంగా.

ఇక మీ కొలతల గురించి. ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుతాను.

మాక్స్ హామిల్టన్ 1960లో తయారుచేసిన స్కేలుతోనే ఇప్పటికీ సగం ప్రపంచం డిప్రెషన్‌ను కొలుస్తోంది. 17 అంశాలు, గరిష్ఠంగా 52 పాయింట్లు. 7 లేదా అంతకంటే తక్కువ వస్తే కోలుకున్నట్టు లెక్క. అందులో నిద్రకు మూడు ప్రశ్నలున్నాయి: నిద్ర పట్టడం, మధ్యలో మెలకువ, తెల్లవారుజామునే లేచిపోవడం. మూడూ కలిపి 6 పాయింట్లు. ఆత్మహత్యకు ఒకే అంశం, 4 పాయింట్లు. అంటే మగత కలిగించే ఏ మందైనా నాకు మంచి నిద్ర ఇచ్చి స్కోరును 6 పాయింట్ల దాకా దించగలదు. చావాలన్న ఆలోచన పూర్తిగా పోయినా తగ్గేది 4. మందుకూ ఉత్తుత్తి మాత్రకూ మధ్య సగటు తేడా ఎంత? 2022లో బీఎంజేలో వచ్చిన విశ్లేషణ ఎఫ్‌డీఏకు అందిన 232 ట్రయల్స్‌ను, 73,388 మందిని కలిపి చూస్తే 1.75 పాయింట్లు. నిద్ర ప్రశ్నలు ఒక్కటే తారుమారు చేయగలిగినంత తేడా అది.

అయితే ఆ విశ్లేషణలో నాకు అంతకంటే ముఖ్యంగా తోచింది ఇంకోటుంది. సగటు చిన్నదే గానీ, అందరికీ సమానంగా పంచితే వచ్చిన సగటు కాదది. సుమారు 15 శాతం మందికి ఉత్తుత్తి మాత్ర ఇవ్వలేని పెద్ద మేలు మందు వల్ల జరిగింది. మిగతావాళ్ళలో చాలామందికి రెండిటికీ పెద్ద తేడా లేదు. మందులు పనిచేయవని వాదించేవాళ్ళూ, బ్రహ్మాండంగా పనిచేస్తాయని వాదించేవాళ్ళూ ఈ ఒక్క విషయం దగ్గర కాసేపు కూర్చుంటే బాగుండును. ఆ 15 శాతం ఎవరు? ముందుగా గుర్తుపట్టే దారి ఏదైనా ఉందా? అది తెలియాలంటే ఒక్కొక్క మనిషి సమాచారం కావాలి, ఏళ్ళ తర్వాత మళ్ళీ ఆ మనిషినే పలకరించాలి. ట్రయల్ అవ్వగానే మమ్మల్ని వదిలేస్తే ఆ పలకరింపు ఎలా కుదురుతుంది?

ఏం కొలవాలో మమ్మల్ని అడిగిన పరిశోధన కూడా ఒకటుంది. 2020లో లాన్సెట్ సైకియాట్రీ అనే జర్నల్‌లో వచ్చింది. 52 దేశాల నుంచి 3,000 మందికి పైగా రోగులు, వాళ్ళను చూసుకునేవాళ్ళు, వైద్య సిబ్బంది తమకు ఏది మారితే బాగైనట్టు లెక్కో రాశారు. 80 అంశాలు తేలాయి. వాటిలో తరచుగా వచ్చినవాటిలో ఒకటి మానసిక నొప్పి. బాధ అని చెప్పడానికి వీల్లేని, ఒంట్లో ఎక్కడా చూపించలేని ఆ నొప్పికి మీరు రోజూ వాడే స్కేళ్ళలో ప్రశ్నే లేదు. నన్ను అడిగితే ఇంకోటి కలుపుతాను: దేనికీ ఏడుపు రాకపోవడం, నవ్వూ రాకపోవడం. యాంటీడిప్రెసెంట్ల మీద ఉన్నవాళ్ళు చాలామంది చెప్పే మాట ఇది. దిగులు పోయింది, దాంతోపాటు అన్నీ పోయాయి. హామిల్టన్ స్కేలు మీద ఆ మనిషి కోలుకున్నట్టే.

గాయపడిన మనసుల చికిత్సలో మంచి మనసు ఒక్కటే చాలదని చెప్పడానికి డీబ్రీఫింగ్ కంటే పెద్ద ఉదాహరణ లేదు. ప్రమాదం జరిగిన కొద్దిరోజుల్లోనే బాధితుణ్ణి కూర్చోబెట్టి జరిగిందంతా పూసగుచ్చినట్టు చెప్పించడం ఒకప్పుడు వైద్యమనిపించుకుంది. వినడానికి ఎంత సబబుగా ఉంది! 1997లో కాలిన గాయాలతో చేరినవాళ్ళ మీద జరిగిన ట్రయల్‌లో, 13 నెలల తర్వాత చూస్తే డీబ్రీఫింగ్ అందినవాళ్ళలో 26 శాతం మందికి పీటీఎస్‌డీ (ఘోరమైన అనుభవం తర్వాత వదలకుండా వేధించే మానసిక సమస్య) ఉంది, అందనివాళ్ళలో 9 శాతం మందికి. మొదటి గుంపువాళ్ళకు గాయాలు మొదటినుంచీ కాస్త తీవ్రంగా ఉన్నాయన్నది నిజమే. కానీ మిగతా ట్రయల్స్ కూడా కలిపి చూసిన కోక్రేన్ (వైద్య పరిశోధనలను కలిపి బేరీజు వేసే సంస్థ) సమీక్ష, ఒక్క విడత డీబ్రీఫింగ్ పీటీఎస్‌డీని ఆపుతుందనడానికి ఆధారం లేదనీ, బాధితులకు దాన్ని తప్పనిసరి చేయడం మానుకోవాలనీ తేల్చింది. ఇక్కడ గమనించాల్సింది ఆ 13 నెలలు. నెలరోజుల్లో లెక్క మూసేసి ఉంటే ఇది ఎప్పటికీ బయటపడేది కాదు. డిప్రెషన్ మందుల ట్రయల్స్ ఎక్కువగా ఆరు నుంచి పన్నెండు వారాలే నడుస్తాయి, మేం ఆ మందుల్ని ఏళ్ళ తరబడి వాడుతాం. దీర్ఘకాలం వాడి బాగున్నవాళ్ళు మానేస్తే ఏమవుతుందో చూసిన యాంట్లర్ ట్రయల్ 2021లో గానీ రాలేదు: 478 మందిలో, ఏడాదిలోపు తిరగబెట్టింది మందు కొనసాగించినవాళ్ళలో 39 శాతానికి, మానినవాళ్ళలో 56 శాతానికి. రెండు అంకెలూ చూసుకుని డాక్టరుతో కూర్చుని నిర్ణయం తీసుకోవచ్చు. నాకు కావలసిన పరిశోధన అలాంటిది.

పీటీఎస్‌డీకి ఎండీఎంఏ అనే మత్తుమందుతో కలిపి ఇచ్చే థెరపీ కథ మీకు తాజాగానే గుర్తుండాలి. ఎవరికి అసలు మందు పడిందో పార్టిసిపెంట్లు దాదాపు అందరూ పసిగట్టేయగల మందు అది. కాబట్టి ఫలితాన్ని నమ్మడమే కష్టం. 2024 జూన్‌లో ఎఫ్‌డీఏ సలహా సంఘం వ్యతిరేకించింది, ఆగస్టులో ఎఫ్‌డీఏ తిరస్కరించింది. అదే నెలలో ఒక జర్నల్, ఒక ట్రయల్ కేంద్రంలో జరిగిన అనైతిక ప్రవర్తన కారణంగా ఈ థెరపీ మీద వచ్చిన మూడు వ్యాసాలను వెనక్కి తీసుకుంది. తమకు జరిగిన నష్టం రికార్డుల్లోకి ఎక్కలేదని కొందరు పార్టిసిపెంట్లు బహిరంగంగా చెప్పాల్సి వచ్చింది. ఆ మందు ఎప్పటికైనా పనికొస్తుందో లేదో నేను చెప్పలేను. గాయపడినవాళ్ళు మళ్ళీ గొంతు పెంచితే తప్ప వినని ఏర్పాటు మాత్రం ఏ ట్రయల్‌కూ తగదు. ఎక్స్‌పోజర్ థెరపీ (భయపెట్టే జ్ఞాపకాలను ఎదుర్కొనేలా చేసే చికిత్స) లాంటి నిలబడిన చికిత్సల్లో కూడా సుమారు ఐదింట ఒకరు మధ్యలోనే వెళ్ళిపోతారు. వాళ్ళు ఎందుకు వెళ్ళారో అడిగి రాసుకున్న పట్టిక నేను చూసిన వ్యాసాల్లో అరుదు.

సరిగ్గా జరిగింది కూడా చెప్పాలి. లిథియం ఆత్మహత్యలను తగ్గిస్తుందని పాత విశ్లేషణలు చెబుతూ వచ్చాయి. నాలాంటివాళ్ళకు అదొక ధైర్యం. అమెరికాలో మాజీ సైనికుల మీద జరిగిన ట్రయల్‌లో 519 మందికి లిథియం లేదా ఉత్తుత్తి మాత్ర ఇచ్చి చూస్తే తేడా కనబడలేదు. ట్రయల్ మధ్యలోనే ఆపేశారు, 2021 చివర్లో ఫలితం దాచకుండా ప్రచురించారు. రక్తంలో లిథియం స్థాయులు తక్కువగా ఉన్నాయన్న విమర్శ ఉంది, చర్చ నడుస్తోంది. ఆ వార్త నాకు చేదుగానే ఉంది. అయినా నా మాత్ర గురించి నాకు నచ్చని నిజం తెలియడం, నచ్చే అబద్ధం తెలియడంకంటే వెయ్యి రెట్లు మేలు.

ఇవన్నీ చదివి, ఫలితాలు చెప్పడం మా బాధ్యతా అని మీరు అడగచ్చు. బాధ్యతేనని మీరే రాసుకున్నారు. మనుషుల మీద జరిగే వైద్య పరిశోధనకు నైతిక సూత్రాలు చెప్పే హెల్సింకి ప్రకటన 2013 సవరణలోని 26వ పేరా ప్రకారం పరిశోధనలో పాల్గొన్న ప్రతి ఒక్కరికీ స్థూల ఫలితాలు తెలుసుకునే అవకాశం ఇవ్వాలి. యూరోపియన్ యూనియన్‌లో 2022 జనవరి 31 నుంచి అమల్లోకి వచ్చిన నిబంధనలు, ట్రయల్ ముగిసిన ఏడాదిలోపు సామాన్యులకు అర్థమయ్యే సారాంశం పెట్టాలంటున్నాయి. ఉత్తరం ముక్క పంపడం ఇంకా చాలాచోట్ల ఎవరి పనీ కాకుండా ఉంది. పరీక్ష రాయించుకుని మార్కులు చెప్పని బడి ఉంటే మీ పిల్లల్ని పంపుతారా?

ఉత్తుత్తి మాత్ర పడిందని తెలిస్తే రోగి మనసు విరిగిపోతుందన్న అభ్యంతరం నేను విన్నాను. కొందరికి అలా అనిపించచ్చు, అందుకే వద్దనే హక్కు కూడా ఇవ్వండి. నాకైతే ఉత్తుత్తి మాత్రతోనే తేరుకున్నానని తెలిస్తే అదే పెద్ద వార్త. నా డిప్రెషన్ దానంతటదే తగ్గిపోగలదనీ, నా హైపోమేనియాకు మందు కారణం కాదనీ తెలుస్తుంది. మందు పడిందని తేలితే, యాంటీడిప్రెసెంట్ ఇచ్చే ముందు డాక్టరు రెండుసార్లు ఆలోచిస్తారు. బైపోలార్‌లో లిథియంలాంటి మూడ్ స్టెబిలైజర్‌కు యాంటీడిప్రెసెంట్ జతచేసినా అదనంగా ఒరిగేది లేదని 2007లో స్టెప్-బీడీ ట్రయల్ చెప్పింది: 366 మందిలో నిలకడగా కోలుకున్నది మందు జతచేసినవాళ్ళలో 23.5 శాతం, చేయనివాళ్ళలో 27.3 శాతం. సగటు సంగతి అది. నా శరీరం సంగతి మీ ఫైల్లో ఉంది.

ఎథిక్స్ కమిటీల్లో ఉన్నవాళ్ళకు నా అభ్యర్థన చిన్నది. మీ ముందుకొచ్చే అంగీకార పత్రంలో ఎన్ని సీసాల రక్తం తీస్తారో, ఎన్నిసార్లు రావాలో అన్నీ ఉంటాయి. ఫలితం ఏ తేదీలోగా, ఏ భాషలో, ఎవరు పంపుతారో కూడా రాయించండి. ఎవరికేది అందిందో అడిగితే ఎప్పటినుంచి చెబుతారో రాయించండి. ట్రయల్ మధ్యలో ఆగినా, కంపెనీ చేతులు మారినా ఆ బాధ్యత ఎవరి మీద ఉంటుందో రాయించండి. ఇవి లేని దరఖాస్తును వెనక్కి పంపండి. పరిశోధకులు నిధులు అడిగేటప్పుడే ఈ ఉత్తరాల ఖర్చు కూడా కలిపి అడగచ్చు, మిగతా ఖర్చుల పక్కన అది ఆనదు. కొలమానం ఎంచుకునే గదిలో ఆ జబ్బు పడ్డవాళ్ళను ఇద్దరినైనా కూర్చోబెట్టండి. అలంకారానికి కాదు, ఓటుతో.

ఇప్పటికే పూర్తయినవాటి మాటకొస్తే, ట్రయల్స్‌ను నమోదు చేసే రిజిస్ట్రీలు అందరికీ తెరిచే ఉన్నాయి. ఫలితాల గడి ఖాళీగా ఉన్న ట్రయల్స్ ఏవో ఎవరైనా వెతకచ్చు, మాలో కొందరం వెతకడం మొదలుపెట్టాం కూడా. మీ సంస్థ పేరు మీద ఉన్నవి ముందు మీరే వెతికి నింపండి.

ఇట్లు,
మీ ట్రయల్స్‌లో ఒకదానిలో పాల్గొన్న వ్యక్తి